నూఱు రూపాయల కేబులు

విజయవాడ బస్సు స్టేషను ఎదుటి కాలిబాటపైనను, సికింద్రాబాదు మోండా మార్కెటు చుట్టుపట్లను, ఏ మండల కేంద్రమునందైనను సంత జరుగు వీథియందును, ఒకప్పుడు దువ్వెనలు, రిబ్బనులు, పిన్నీసుల గుత్తులు వ్రేలాడిన మేకులకు నేడు ఛార్జింగు వైర్లు, ఇయర్‌ఫోనులు, రంగురంగుల పౌచులు వ్రేలాడుచున్నవి. పండ్రెండు వేలు పెట్టి ఫోను కొనదలచిన గృహస్థు నలుగురిని విచారించి, రెండుమూడు దుకాణములు తిరిగి, కుమారునిచేత ఇంటర్నెట్టులో వెదకించి, తర్జనభర్జనలు పడినగాని ఒక నిర్ణయమునకు రాడు. ఆ ఫోనునకు ప్రతిరాత్రియు విద్యుత్తు నందించు తీగను మాత్రము, బస్సు కదలబోవుచుండగా కిటికీలోనుండి చేయి చాచి, "ఎంతయ్యా?" అని ఒక్కమాట అడిగి, నూఱు రూపాయల నోటిచ్చి కొనివేయును.

ఈ చిన్న వస్తువులను గూర్చి వ్రాయువారు అరుదు. క్రొత్త ఫోను వెలువడిన వారముననే దానిని గూర్చి పుటలకు పుటలు నిండును. దానిని బ్రతికించు తీగను గూర్చి గాని, పెట్టెను గూర్చి గాని ఒక పంక్తియు కనబడదు. కాని ఆటో నడుపువాడు, ఇంటింటికి భోజనపు పొట్లములు చేర్చు యువకుడు, కూలిడబ్బు ఫోనులోనే పుచ్చుకొను తాపీపనివాడు, కూరగాయల బండిపై క్యూఆర్ అట్ట నిలుపుకొన్న అవ్వ, వీరందఱికిని మధ్యాహ్నము మూడు గంటలకు ఫోను ఆరిపోవుట యనగా ఆ పూట సంపాదన నిలిచిపోవుటయే. అట్టివారు కొనునది చౌకసరకే. కావున చౌకసరకు మంచిచెడ్డలు తెలియవలసినది కూడ ముందుగా వారికే.

చౌకవస్తువులన్నియు చెడ్డవనుట కలిగినవాడు సులువుగా చెప్పు మాట. అది సత్యము కాదు. వెల తగ్గుటకు ఎప్పుడును ఒక కారణముండును. పెట్టెమీది మెఱుగులు తగ్గించి, ప్రకటనలు మాని, దుకాణపు అద్దె లేకుండ కాలిబాటపై అమ్మి వెల తగ్గించినవాడు కొనువానికి మేలు చేసినవాడే. తీగలోని రాగిని తగ్గించి, పెట్టెలోని రక్షణను తొలగించి, ఆ సంగతి దాచి అమ్మినవాడు అపకారి. చూచుటకు ఈ ఇరువురి సరకును ఒక్క మేకునకే వ్రేలాడుచుండును. వానిని వేఱుపఱచి చూచు తెలివి సామాన్యునకు అందవలెనన్న తపనతోనే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మొదట తీగ సంగతి. సాధారణమైన యూఎస్‌బీ కేబులును కోసి చూచినచో లోపల నాలుగు సన్నతీగలు కనబడును. విద్యుత్తు పోవుటకు ఎఱ్ఱనిది, తిరిగి వచ్చుటకు నల్లనిది, సమాచారము నడచుటకు ఆకుపచ్చనిది, తెల్లనిది. సాధారణమైన ఛార్జరు విడుచునది 5 వోల్టులు. ఆ యైదును ఫోనువఱకు చేరవు. తీగ తన నిరోధమునకు తగిన భాగమును దారిలోనే వేడిమిగా మార్చి హరించును. చివరి మడికి నీరందవలెనన్న పంటకాలువ వెడల్పుగా నుండవలెనని రైతునకు ఒకరు చెప్పనక్కఱలేదు. తీగ విషయమున ఆ వెడల్పు రాగి యొక్క మందమే. 28 గేజి రాగితీగ, అనగా మిల్లీమీటరులో మూడవవంతు మందము గలది, మీటరు పొడవునకు సుమారు 0.21 ఓముల నిరోధము కలిగియుండును. పోవుటకొకటి, వచ్చుటకొకటి కావలెను గనుక మీటరు కేబులులో అది రెట్టింపగును. దానిగుండ 2 ఆంపియర్లు ప్రవహించినచో ఇంచుమించు 0.85 వోల్టులు త్రోవలోనే పోయి, ఫోను వాకిటికి 4.15 వోల్టులు మాత్రమే చేరును. అదే 24 గేజి తీగయైనచో, అనగా అర మిల్లీమీటరు మందము గలదైనచో, నష్టము 0.34 వోల్టులకు తగ్గును. ఫోనులోని నియంత్రకము తనకు చేరు వోల్టేజి పడిపోవుట గుర్తించినంతనే తాను తీసికొను విద్యుత్తును తగ్గించుకొనును. అందుచేత ఛార్జరు అదియే, ఫోను అదియే యైనను, తీగ మాఱినంతమాత్రమున గంటన్నరలో నిండవలసిన బ్యాటరీ మూడు గంటలకైనను నిండకపోవుట సంభవించును. ఛార్జరు చెడినదని క్రొత్త ఛార్జరు కొన్నవారిని, బ్యాటరీ పాతబడినదని తలచి ఫోనునే మార్చినవారిని నేనెఱుగుదును. వారి యిండ్లలో దోషమంతయు గోడకు వ్రేలాడు ఆ సన్నతీగయందే యుండెను.

రాగి వెల యెక్కువ. అందుచేత అల్యూమినియపు తీగకు పైన రాగిపూత పూసి రాగితీగగా అమ్ము వాడుక ప్రబలినది. అల్యూమినియము యొక్క వాహకత్వము రాగిలో నూటికి 60 పాళ్ళు మాత్రమే. పైగా మాటిమాటికి వంచినచో రాగికంటె ముందుగా విఱుగును. ఇనుపతీగకే రాగిపూత పూయువారును కలరు. అట్టి తీగను అయస్కాంతము పట్టుకొనును గాన తెగిన కేబులు ఇంటనున్నవారు పరీక్షించి చూడవచ్చును. మూడు మీటర్ల పొడవు గల కేబులు చౌకగా దొరికినదని సంతోషించువారు, పొడవుతోపాటు నష్టమును మూడింతలగునని గ్రహింపవలెను. మంచము దాక సాగు తీగ కావలెనన్న, పొడవైన సన్నతీగకంటె ఎక్స్‌టెన్షను బోర్డును ముందుకు జరుపుకొని పొట్టి కేబులు వాడుట మేలు. కొన్ని కేబుళ్ళ తొడుగుపై సన్నని అక్షరములతో గేజి అంకె ముద్రించి యుండును. ఆ అంకె చిన్నదైనకొలది లోపలి తీగ మందమైనదని యర్థము. ఆ ముద్రణయే లేని కేబులు విషయమున దుకాణదారుని మాట తప్ప వేఱు ఆధారము లేదు.

రెండు తీగలు మానివేసి, కేవలము ఎఱ్ఱనిది నల్లనిది మాత్రమే యుంచి అమ్ము కేబుళ్ళును కలవు. వానితో ఛార్జింగు జరుగును, సమాచారము నడవదు. పరీక్షనాటి ఉదయమున హాల్‌టికెట్టు ముద్రింపించుకొనుటకు జిరాక్సు షాపునకు పరుగెత్తివచ్చిన విద్యార్థి, తన ఫోనును కంప్యూటరు గుర్తింపకపోవుట చూచి కలవరపడుట ఎందఱు చూడలేదు? ఫోనులో దోషమేమియు లేదు. ఆ కేబులులో మాట నడచు దారియే లేదు.

నేటి కేబులు చరిత్ర యొక్క మంచిభాగమును కూడ చెప్పవలెను. యూఎస్‌బీ మొదటి ప్రమాణము 1996లో వెలువడినది. బరోడాలో చదివి, ఇంటెల్ సంస్థలో పనిచేసిన అజయ్ భట్ దాని రూపకర్తలలో ముఖ్యుడు. ప్రింటరునకొక రంధ్రము, మౌసునకొక రంధ్రము, కీబోర్డునకు మఱియొకటిగా కంప్యూటరు వీపంతయు రంధ్రమయమై యున్న కాలమున, సామాన్యుడు నిపుణుని సాయము లేకుండ తగిలించి తీయగల ఒకేయొక ద్వారము ఆయన ఊహించెను. ఫోనుల లోకమునకు ఆ భాగ్యము ఆలస్యముగా వచ్చినది. సన్నపిన్ను, లావుపిన్ను, చదునుపిన్ను అని అడిగి ఛార్జరు కొన్న దినములు చాలమందికి జ్ఞాపకముండును. అన్ని పిన్నులును ఒకే తీగ కొసకు గుత్తిగా కట్టి బస్సులలో అమ్మెడివారు. 2009లో ఐరోపాసంఘపు ప్రోత్సాహమున ప్రముఖ ఫోను తయారీదారులు మైక్రో యూఎస్‌బీకి అంగీకరించిరి. 2014లో ఎటు త్రిప్పి పెట్టినను పట్టు టైప్-సి ప్రమాణము వచ్చినది. 2023 జనవరిలో మన ప్రమాణముల సంస్థయగు బీఐఎస్ దానిని భారతీయ ప్రమాణముగా ప్రకటించినది. 2024 డిసెంబరు 28 నుండి ఐరోపాసంఘ దేశములలో అమ్ము క్రొత్త ఫోనులన్నిటికి అది నిర్బంధమైనది. ఇంటిల్లిపాదికిని ఒక్క తీగ చాలుననుట అల్పమైన సౌకర్యము కాదు.

అయితే రూపము ఒక్కటైనంతమాత్రమున లోపలి సత్త్వము ఒక్కటి కాలేదు. టైప్-సి ద్వారమున 24 స్పర్శలు కలవు. వానిలో ఎన్నిటికి తీగలు కలిపినది బయటికి తెలియదు. ఒక కేబులు 60 వాట్లు మోయును. లోపల గుర్తింపు చిప్పు గల వేఱొకటి 100 వాట్లు, 240 వాట్లు సైతము మోయును. మూడవది పేరునకే టైప్-సి. గూగుల్ సంస్థ ఇంజనీరగు బెన్సన్ లియుంగ్ 2015లో ఇట్టి చౌక కేబుళ్ళను తన సొమ్ముతో కొని, ఒక్కొక్కటే పరీక్షించి, ఫలితములు ప్రజలకు తెలుపనారంభించెను. పాతతరపు ద్వారమునుండి టైప్-సి ఫోనునకు పోవు కేబులులో 56 కిలో ఓముల నిరోధకముండవలెనని నియమము. చాల కేబుళ్ళలో 10 కిలో ఓములది పెట్టియుండిరి. ఆ చిన్న భేదముచేత ఫోను తనకు 3 ఆంపియర్ల హక్కు గలదని భ్రమించి, అంత ఇయ్యలేని కంప్యూటరునుండియు బలవంతముగా లాగుటకు ప్రయత్నించును. 2016 ఆరంభమున ఒక కేబులులో విద్యుత్తు తీగలే తారుమారుగా అతికియుండుటచేత ఆయన పరీక్షకు వాడిన ల్యాప్‌టాప్ పాడైపోయెను. అటుపిమ్మట కొలదివారములకే అమెజాన్ సంస్థ ప్రమాణవిరుద్ధములగు టైప్-సి కేబుళ్ళను తన అంగడిలో నిషేధించినది. ఓర్పుతో తీగలు కొలిచిన ఒక్క మనుష్యుని శ్రమవలన అంతటి అంగడి నియమము మాఱినదనుట నాకు గొప్ప ధైర్యము కలిగించు సంగతి.

తీగ చెడ్డదైనచో కాలము పోవును. ఛార్జరు చెడ్డదైనచో ప్రాణమునకే అపాయము. గోడలోని 230 వోల్టుల విద్యుత్తు ఆ చిన్న పెట్టెలో ప్రవేశించి, ఏకముఖ ప్రవాహముగా మాఱి 325 వోల్టుల వఱకు ఎక్కి, క్షణమునకు వేలకొలది మాఱులు తెగి కలియుచు, అంగుష్ఠమాత్రమైన ట్రాన్స్‌ఫార్మరుగుండ ఈవలికి 5 వోల్టులుగా దిగును. ఆవలి భాగము మనుష్యుని చంపగలది. ఈవలి భాగము పసిబిడ్డ చేతిలో నుండదగినది. ఈ రెంటినడుమ తీగ సంబంధమేమియు లేకుండుటయే ఛార్జరునందలి ధర్మసూక్ష్మము. అందుకొఱకు ట్రాన్స్‌ఫార్మరు తీగకు మూడు పొరల తొడుగు వేయుదురు, ఫలకముపై రెండు భాగములకు నడుమ సుమారు ఆఱు మిల్లీమీటర్ల ఎడము విడుతురు, ఫ్యూజు అమర్తురు. ఇవన్నియు వెలగల పనులు. ఇందు ఒక్కటియు బయటికి కనబడదు. కెన్ షిరిఫ్ అను అమెరికను ఇంజనీరు 2012లో పలుఱకముల ఛార్జర్లను పరీక్షించి వ్రాసిన వివరములను చదివినచో, ప్రసిద్ధుల ఛార్జరును అచ్చముగా పోలిన నకిలీలలో ఈ రక్షణలు ఎట్లు లోపించినవో తెలియును. తెల్లని పైతొడుగు, దానిపై అచ్చు సైతము ఒకటే. లోపలి ఎడము మాత్రము మిల్లీమీటరునకైనను చాలదు. వర్షాకాలపు తేమ చేరి, ధూళి పేరుకొని, ఆ ఎడము దాటుటకు విద్యుత్తునకు కష్టమేమున్నది?

ఛార్జింగులోనున్న ఫోను లోహపు అంచును తాకినప్పుడు సన్నగా చీమలు ప్రాకినట్లుండుట చాలమంది అనుభవము. మంచి ఛార్జరులో సైతము రెండు భాగముల నడుమ రేడియో కలతలను అణచుటకు ఒక ప్రత్యేకమైన కెపాసిటరు ఉంచుదురు. దానిగుండ అత్యల్పమైన విద్యుత్తు జాఱుటయే ఆ స్పర్శకు కారణము, దానివలన హాని లేదు. ఆ స్థానమున చౌక ఛార్జరు చేయువాడు సామాన్యమైన కెపాసిటరు పెట్టును. అది ఏనాడైన లోపల కాలి కలిసిపోయినచో గోడలోని విద్యుత్తు నేరుగా ఫోనునకు వచ్చును. చిమచిమ తీవ్రమై చేయి లాగుకొనునంతగా నున్న ఛార్జరును ఆ క్షణమే విడువవలెను. తడికాళ్ళతో నేలపై నిలిచి, ఛార్జింగు తీగ తగిలియున్న ఫోనులో మాట్లాడుట ఏ ఛార్జరుతోనైనను తగదు. దిండు క్రింద ఫోను పెట్టి ఛార్జింగు చేయుటయు అట్టిదే. ఇంటిలో పిల్లలకు ఈ మాట ఒకటికి రెండుమాఱులు చెప్పవలెను.

2020లో ఆపిల్ సంస్థ ఫోను పెట్టెలోనుండి ఛార్జరును తొలగించినది. తరువాత మఱికొందఱును అదే మార్గము పట్టిరి. వ్యర్థము తగ్గునని వారు చెప్పిన హేతువు కొంతవఱకు సమంజసమే. కాని ఫోనుకే ఉన్నదంతయు పెట్టిన సామాన్యుడు ఛార్జరునకై కాలిబాట నాశ్రయించుటయు ఆ నిర్ణయముయొక్క ఫలమే. అట్టివానికి నేను చెప్పునది యిది. పౌచునందు, స్టాండునందు, మౌసునందు ఎంత మిగిల్చినను మిగుల్పవచ్చును. గోడకు తగిలించు వస్తువునందు మాత్రము మిగుల్పరాదు.

పవర్‌బ్యాంకు విషయమున మోసము అంకెలలో నున్నది. 10,000 ఎంఏహెచ్ అని పెద్దక్షరములతో వ్రాసినది లోపలి సెల్లుల లెక్క. ఆ సెల్లు వోల్టేజి 3.7; దానిని హెచ్చించి 5 వోల్టులుగా ఇచ్చునప్పటికి ఆ పదివేలు 7,400 అగును; హెచ్చించుటలోని నష్టమును తీసివేసినచో చేతికి చిక్కునది ఆఱువేలకు కొంచెము పైన. 5,000 ఎంఏహెచ్ ఫోనును అది ఒకమాఱు నింపి కొంత మిగిల్చును, రెండుమాఱులు నింపదు. ఇది మంచి కంపెనీ సరకు సంగతి; వారు వెనుకవైపున సన్నయక్షరములతో ఈ అసలు లెక్కను వ్రాయుదురు, అది లేనిచోట సందేహింపవలెను. ఇంక కాలిబాటపై 20,000 అని, 50,000 అని వ్రాసి నాలుగువందలకు అమ్మువానిని గూర్చి చెప్పవలెనన్న, చేతిలోని బరువే సాక్ష్యము. వాడుకలోనున్న గుండ్రని సెల్లు, అనగా 18 మిల్లీమీటర్ల అడ్డుకొలత, 65 మిల్లీమీటర్ల పొడవు గలది, దాదాపు 45 గ్రాములు తూగును. ఎంత మేలైనదైనను 3,500 ఎంఏహెచ్ మించి ప్రాయికముగా మోయదు. ఈ లెక్కచొప్పున 20,000 అనగా ఆఱు సెల్లులైనను కావలెను, పెట్టె కాక పావుకిలో దాటవలెను. గాలివలె తేలికయైనది గాలియే మోయును. బరువునకై లోపల ఇసుకసంచి నింపినవి బయటపడిన సందర్భములును కలవు గనుక బరువు ఒక్కటియే చాలదనియు చెప్పవలసియున్నది. విమానమున పోవువారు, విమానసంస్థ అనుమతి లేనిచో, 100 వాట్ అవర్లకు, అనగా సుమారు 27,000 ఎంఏహెచ్‌కు, లోబడినదానిని మాత్రమే, అదియు చేతిసంచిలోనే తీసికొనిపోవలెను.

నా మనస్సును ఎక్కువ నొప్పించునది మెమొరీకార్డుల మోసము. ఇందు పోవునది ధనము కాదు. నకిలీకార్డులో వాస్తవముగా 8 జీబీ స్థలమే యుండును. దానిలోని నియంత్రక చిప్పునకు అసత్యము నేర్పి 128 అనియో, ఒక టెరాబైటు అనియో చెప్పింతురు. ఫోను దానిని నమ్మును, మనమును నమ్ముదుము. మొదటి వందల ఛాయాచిత్రములు చక్కగా నిలుచును. అసలు స్థలము నిండిన పిమ్మట వచ్చునవి పాతవానిపై పడి వానిని చెఱపును, లేదా ఎక్కడను వ్రాయబడకయే వ్రాయబడినట్లు పేరు మాత్రము చూపును. వ్రాయునప్పుడు హెచ్చరిక లేదు. తెఱచి చూచిననాడే తెలియును. కుమార్తె పెండ్లి చిత్రములు, గతించిన తండ్రి కంఠము వినిపించు వీడియో, ఇట్టివి కోరినప్పుడు బూడిదరంగు చతురస్రములుగా కనబడుట ఎంతటి ఆవేదనయో అనుభవించినవారికే తెలియును. పోయినదానిని తిరిగి తెచ్చు నిపుణుడు లేడు. ఏలయన అది చెఱపబడినది, లేదా ఎన్నడును వ్రాయబడియే యుండలేదు.

దీనికి నివారణము ఉచితముగానే కలదు. కార్డుగాని, పెన్‌డ్రైవుగాని కొన్ననాడే దానిని కంప్యూటరునకు తగిలించి, జర్మనీయందలి ఒక ప్రసిద్ధ కంప్యూటరు పత్రికవారు వెలువరించిన హెచ్2టెస్ట్‌డబ్ల్యు అను ప్రోగ్రామునుగాని, లినక్సు వాడువారు ఎఫ్3 అనుదానినిగాని నడిపింపవలెను. అవి కార్డు నంతయు చివరి అణువువఱకు నింపి, మరల చదివి, వ్రాసినది వ్రాసినట్లున్నదా అని సరిచూచును. పెద్దకార్డునకు కొన్ని గంటలు పట్టును. అయినను ఆ ఓపిక వ్యర్థము కాదు. 64 జీబీ కార్డును కంప్యూటరు 59.6 అని చూపుట మాత్రము మోసము కాదు. తయారీవారు వేయి చొప్పునను, కంప్యూటరు 1,024 చొప్పునను లెక్కించుటచే కలుగు భేదమది.

టెంపర్డ్ గ్లాసుమీద 9హెచ్ అని వ్రాసియుండుట చూచి, వజ్రమునకు కాఠిన్యము పది గదా, ఇది తొమ్మిదియని పొంగిపోవువారు కలరు. ఆ 9హెచ్ పెన్సిలు కాఠిన్యమును చెప్పునది. ఆ పెన్సిలుతో గీచిన గీత పడదని మాత్రమే దాని భావము. వీథిలోని ఇసుకరేణువు ఖనిజముల కాఠిన్యపు కొలతలో ఏడు, గాజు ఇంచుమించు ఐదున్నర. కావున జేబులోని ఇసుకకు ఏ గ్లాసైనను గీతలు పడును. 11డి, 21డి అను అంకెలకు అర్థమే లేదు. అయినను గ్లాసు చౌకదైనను వేయింపవలసినదే. అది పగిలి క్రింది తెఱను కాపాడుటయే దాని వృత్తి. పౌచును గూర్చి చెప్పవలసినది అంతకంటె తక్కువ: నాలుగు మూలలును తెఱకంటె కొంచెము పైకి లేచియున్నచో చాలును.

తీగ ఇయర్‌ఫోనులు చౌకవైనను మంచివే దొరకును. జాకునకు తీగ కలియు మెడవద్దనే అవి మొదట తెగును. తీగ పట్టి లాగక జాకును పట్టి తీసినచో ఆయుష్షు పెరుగును. పాత ఇయర్‌ఫోను క్రొత్త ఫోనులో పాట వినిపించినను మాట పోనిచ్చుట లేదన్న, మైకు తీగకు, నేలతీగకు జాకుమీద స్థానములు అటునిటుగా రెండు సంప్రదాయములు ఉండుట దానికి కారణము, వస్తువు చెడలేదు.

ఇంక మౌసును గూర్చి వ్రాయునప్పుడు నా మనస్సు తేలికపడుచున్నది. 1968 డిసెంబరులో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ సభాముఖమున ప్రదర్శించిన ఆ కొయ్యపెట్టె వంశమున, నేడు మూడువందల రూపాయలకు దొరకు మౌసు ఒక చిన్న అద్భుతము. దాని కడుపులోని అణుమాత్రపు కెమెరా క్షణమునకు వేయికి పైగా చిత్రములు తీసి, ఒకదానితో నొకటి పోల్చి, చేయి ఎటు కదలినదో లెక్కగట్టుచుండును. చదునైన గాజుబల్లపై అది మొండికెత్తుటకు కారణము గాజుమీద పోల్చదగిన గఱుకు లేకపోవుటయే. క్రింద ఒక పాత పత్రిక పఱచినచో వెంటనే నడచును. ఒక్కమాఱు నొక్కినచో రెండుమాఱులు పలుకుట మొదలిడినప్పుడు లోపలి సన్నని లోహపు స్ప్రింగు అలసినదని తెలిసికొని మౌసును మార్పవచ్చును. ఇందు అగ్ని లేదు, ప్రాణభయము లేదు, జ్ఞాపకములు పోవుట లేదు. పేదవిద్యార్థి నిస్సంకోచముగా చౌకది కొనవలసిన వస్తువు ఇది.

కీబోర్డు సంగతి కొంత వేఱు. చౌకకీబోర్డులో మీటలన్నిటి క్రిందను ఒకే రబ్బరుపొర యుండును. ఇంటివాడుకకు అది చాలును. కాని మన పట్టణములలో పెండ్లిపత్రికలు, కరపత్రములు, పుస్తకములు కూర్చు డీటీపీ పనివారి బల్లలు చూడుడు: పలుచోట్ల చెన్నైకి చెందిన టీవీఎస్ ఎలక్ట్రానిక్స్ వారి గోల్డ్ కీబోర్డు టకటక శబ్దము చేయుచుండును. మీటమీటకును వేఱువేఱు స్విచ్చి గల ఆ కీబోర్డు వెల సామాన్యపుదానికి కొన్ని రెట్లు; మీటలపై ఆంగ్లాక్షరములు సగము అరిగిపోయియుండును. అయినను అనుస్క్రిప్టు ప్రోగ్రాములో తెలుగు కూర్చు ఆ చేతులకు అక్షరములు చూడనక్కఱలేదు. క, ఖ, గ లు వేళ్ళకే తెలియును. దినమంతయు వేలకొలది వత్తులు, గుణింతములు కొట్టువాని వ్రేళ్ళ నొప్పితో లెక్కించినచో ఆ వెల అధికము కాదు. వస్తువు వెలను కొనుటతో కాక, వాడు కాలముతో భాగించి చూచు లెక్క ఆ పనివారికి ఎవరును నేర్పకయే వచ్చినది.

సికింద్రాబాదు పార్క్‌లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు గాని, కోఠిలోని గుజరాతీ గల్లీకి గాని, ఆబిడ్సులోని జగదీశ్ మార్కెటుకు గాని పోయినవారు అచటి భాషను కొంత అర్థము చేసికొనవలెను. "కంపెనీది కావాల్నా, లోకల్ చాలా?" అని మొదట అడుగుదురు. లోకల్ అనగా ఈ ఊరిదని కాదు, పేరు లేనిదని. "ఫస్టు కాపీ అన్నా, అచ్చం ఒరిజినలే" అన్నచో అది చక్కగా చేసిన నకిలీ. "గ్యారంటీ లేదు, చెకింగు వారంటీయే" అన్నచో దుకాణము గడప దాటువఱకే పూచీ యని భావము. అట్లు స్పష్టముగా చెప్పు దుకాణదారుని నేను గౌరవింతును. అతడు తన ఎదుటనే తగిలించి చూపును, కొనువాడు తెలిసియే కొనును. పెట్టెపై పెద్ద కంపెనీ పేరు అచ్చువేసి, కంపెనీ వెలలో నాలుగవవంతునకు, కంపెనీదేనని ఒట్టుపెట్టి అమ్మువానియెడ మాత్రము క్షమ చూపనవసరము లేదు.

ప్రభుత్వమును ఒక రక్షణ కల్పించినది. ఎలక్ట్రానిక్ వస్తువుల నిర్బంధ నమోదునకై 2012లో ఉత్తర్వు వెలువడినది. 2014లో దానిని విస్తరించి పవర్ అడాప్టర్లను, పవర్‌బ్యాంకులను, సెల్లులను, ఫోనులను చేర్చిరి. అట్టి వస్తువుపై బీఐఎస్ గుర్తు, దాని క్రింద ఆర్ అక్షరముతో మొదలగు ఎనిమిదంకెల సంఖ్య ఉండవలెను. ఆ సంఖ్యను అచ్చువేయుట నకిలీవానికి కష్టము కాదు. కాని బీఐఎస్ కేర్ అను యాప్‌లో ఆ సంఖ్యను కొట్టినచో అది ఏ తయారీదారునకు, ఏ వస్తువునకు ఇచ్చినదో వెంటనే తెలియును. దుకాణమునందే, డబ్బు ఇయ్యకముందే, అర నిమిషములో చేయదగిన పని. బిల్లు అడుగుటయు అవసరమే. బిల్లున్నవాడు జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు 1915 సంఖ్యపై ఫోను చేసి తన ఫిర్యాదు వ్రాయింపవచ్చును.

క్రొత్త కేబులు కొనుటకు ముందు పాతదానిని ఒకమాఱు పరీక్షింపుడు. తీగ వదులుగా పట్టుచున్నదన్న, అనేక పర్యాయములు దోషము కేబులులో కాక ఫోను రంధ్రములో నుండును; జేబులోని నూలుపోగులు అందు దట్టముగా కూరుకొని పిన్నును లోనికి పోనీయవు. ఫోనును ఆపివేసి, సన్నని కొయ్యపుల్లతో మెల్లగా ఆ పీచును పైకి తీసినచో పాతకేబులే మరల టిక్కుమని పట్టును. సూది, పిన్నీసు మాత్రము వాడరాదు. మెడవద్ద తెగిన ఇయర్‌ఫోనును కోసి క్రొత్తజాకు అతికి ఇచ్చు పనివారు ప్రతిపట్టణమునను ఇంకను ఉన్నారు. పది నిమిషములలో టంకము వేసి, చాయఖర్చులకు మించని కూలి అడుగుదురు. ఆ పని వారికిని అన్నము పెట్టును.

నిజముగా చచ్చిన తీగలు ప్రతి యింట ఒక సొరుగునిండ పడియుండును. వానిని చెత్తలో వేసినచో, రాగికొఱకు ఏరుకొనువారు ఊరిబయట కుప్పవేసి తగులబెట్టుదురు. ఆ ప్లాస్టికు తొడుగు కాలునప్పుడు వెలువడు హైడ్రోజను క్లోరైడు, డయాక్సినులు మొదట చేరునది ఆ కుప్పప్రక్క కూర్చున్న పిల్లల ఊపిరితిత్తులకు. 2022నాటి ఈ-వ్యర్థముల నియమములు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్నవి. వాని ప్రకారము తయారీదారులు పాత ఎలక్ట్రానిక్ సరకును నమోదైన పునశ్శుద్ధి కేంద్రములకు చేర్చు బాధ్యత వహింపవలెను. కొన్ని పెద్ద ఫోను దుకాణములలోను, కంపెనీల సర్వీసు సెంటర్లలోను ఇందుకొఱకు పెట్టెలుంచుచున్నారు. ఫోను బాగుచేయించుకొనుటకు పోవునప్పుడు ఆ సొరుగులోని తీగలను ఒక సంచిలో వేసికొనిపోయి అచట విడువవచ్చును. ఉబ్బిన పవర్‌బ్యాంకును మాత్రము వానితో కలుపరాదు. దానిని నొక్కక, పొడువక, ద్వారములపై టేపు అంటించి, విడిగా చేతికిచ్చి, అది ఉబ్బినదని నోటితో చెప్పవలెను.